పడవ పని: బోల్టు చుట్టూ పొంగిన సీలెంటు గురించి మీ ప్రశ్నలు

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా కాబట్టి, ఒడ్డున బోట్లన్నీ బోర్లించో పక్కకి వాల్చో పెట్టి రిపేర్లు చేసుకునేది ఈ రెండు నెలల్లోనే. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఫైబరు బోటుకి కొత్త ఫిట్టింగు బిగించినప్పుడు చుట్టూ బయటికొచ్చే సీలెంటుని, అంటే నీళ్లు దిగకుండా సందులో పెట్టే జిగురుని, ఏం చేయాలన్నదే ఆ విషయం. మొదటి ప్రశ్నకి జవాబు పెద్దదే అయింది, మిగతావి చాలావరకు దాని మీదే ఆధారపడ్డాయి కాబట్టి దాన్ని ముందు చదవండి.

ప్రశ్న: మాది భావనపాడు దగ్గర పల్లె. మా ఫైబరు బోటుకి ముందు వైపు ట్రాక్టరు తాడు తగిలించే రింగు, పక్కన తాడు చుట్టే క్లీటు కొత్తవి వేశాం. మా అన్నయ్య గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పనిచేసి వస్తూ పాలీయురెథేన్ అని రాసున్న నల్ల సీలెంటు ట్యూబులు తెచ్చాడు. బోల్టు బిగిస్తుంటే నాలుగు పక్కలా పొంగి బయటికొచ్చేసింది. గుడ్డని థిన్నర్లో ముంచి తుడిస్తే నల్లగా జానెడు మేర పాకిపోయింది, కింద నీలం రంగు కూడా లేచిపోయింది. వారం దాటింది. మా మావయ్య ‘ఏటవుతాది, దాని మీద రంగేసీ’ అంటన్నాడు. ఇప్పుడు దాన్ని ఎలా తీయాలి? రెండో పక్క క్లీటు ఇంకా బిగించాలి, దానికైనా ఇలా కాకుండా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఒక మంచి మాట. నాలుగు పక్కలా పొంగిందని రాశావు చూడు, అంటే లోపల ఖాళీ లేకుండా నిండిందన్నమాట, అది సరైన గుర్తు. చుట్టూ ఒకే మందంలో సన్నటి కట్టలా బయటికొస్తే ఆ ఫిట్టింగు కింద నీళ్లకి దారి లేనట్టే. మూడు పక్కలే పొంగి నాలుగో పక్క ఖాళీగా ఉంటే భయపడాలి. అప్పుడు చాలామంది చేసే పని ఏంటంటే ఆ ఖాళీ దగ్గర బయట నుంచి వేలితో కాస్త సీలెంటు పూసేసి సరిపోయింది అనుకుంటారు. ఆ పైపూత వల్ల లీకు ఆగదు, కంటికి కనబడకుండా పోతుందంతే. అలాంటప్పుడు తడిగా ఉండగానే ఫిట్టింగు ఊడదీసి మళ్లీ వేసుకోవడమే పని.

ఇప్పుడున్న మరక సంగతి. పాలీయురెథేన్ గాలిలో తేమతో గట్టిపడే సరుకు, మన తీరంలో తేమకి కొదవ లేదు, వారం అయిందంటే ఆ పల్చటి పొర పూర్తిగా గట్టిపడిపోయి ఉంటుంది. గట్టిపడ్డాక థిన్నరు, పెట్రోలు, అసిటోను ఏది పోసినా కరగదు, కింద ఉన్న రంగు మాత్రం కరుగుతుంది. కాబట్టి ఇక ద్రవాల జోలికి పోవద్దు. ఫిట్టింగు అంచున మందంగా ఉన్న కట్టని కొత్త బ్లేడుతో, బ్లేడుని బోటు మీద దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని, అంచు వెంబడి కోసి లాగు, రబ్బరు పట్టీలా వస్తుంది. బ్లేడు మొన లోపలికి, అంటే ఫిట్టింగు కిందకి పోనివ్వకు, అక్కడున్నదే నీ సీలు. మిగిలిన పల్చటి నల్ల పొరని నీళ్లు చల్లుతూ 400 నంబరు వాటర్ పేపరుతో మెల్లగా రుద్దు. రంగు ఎలాగూ లేచిపోయింది కాబట్టి ఆ జానెడు మేర రంగు మొత్తం చదును చేసి మళ్లీ వేసుకో. రంగు వేయని జెల్‌కోటు (ఫైబరు మీద ఉండే నున్నటి గట్టి పైపొర) మీద ఇలా అయినవాళ్లు 400తో మొదలుపెట్టొద్దు, 800 నుంచి 1200కి పోయి, ఆఖర్న కార్లకి వాడే రబ్బింగ్ కాంపౌండుతో మెరుగు పెట్టండి.

మావయ్య చెప్పినట్టు మరక మీదే రంగు వేయొద్దు. మామూలు ఆయిల్ ఎనామిల్ ఈ సీలెంటు మీద సరిగ్గా ఆరకుండా జిగటగా ఉండిపోవచ్చు, ఆరినా కింద రబ్బరు సాగితే పైన పొర పగులుతుంది. ఫిట్టింగు చుట్టూ ఉండే సన్నటి సీలెంటు గీతని నల్లగానే వదిలేసి, రంగు దాని పక్క నుంచి మొదలుపెట్టు.

రెండో పక్క క్లీటు సంగతికి వద్దాం. శుభ్రం చేసే పని ట్యూబు మూత తీయకముందే మొదలవ్వాలి. సీలెంటు లేకుండా క్లీటుని ఒకసారి బోల్టులతో సహా పెట్టి చూసుకో, అన్నీ సరిగ్గా కూర్చున్నాయంటే చుట్టూ పెన్సిలుతో గీత గీసి తీసెయ్. ఆ గీతకి రెండు మిల్లీమీటర్లు బయట నుంచి మాస్కింగ్ టేపు చుట్టూ అతికించు, నాలుగు వేళ్ల వెడల్పు మేర. క్లీటు మీద కూడా అంచుకి కాస్త పైన టేపు వెయ్, ఇది చాలామంది మరిచిపోతారు, తర్వాత స్టీలు మీద పడ్డ నలుపుని గోకుతూ కూర్చుంటారు. టేపు అంచుని గోరుతో గట్టిగా రుద్దాలి, ఎక్కడైనా లేచి ఉంటే దాని కిందకి సీలెంటు పాకుతుంది.

బోల్టు రంధ్రం పై అంచుని పెద్ద డ్రిల్లు బిట్టు చేత్తో పట్టుకుని నాలుగు తిప్పులు తిప్పి కాస్త వాలుగా గీకు. ఆ వాలులో చేరిన సీలెంటు బోల్టు మెడ చుట్టూ రింగులా గట్టిపడుతుంది, ఎంత బిగించినా బయటికి పోదు. బోటు వెనక ఇంజను బిగించే చోట ఫైబరు లోపల చెక్క ఉంటుంది. అక్కడ రంధ్రం వేస్తే ముందు ఆ రంధ్రం లోపలి గోడకి ఫైబరు పనికి వాడే రెసిన్ పూసి ఆరనివ్వాలి, లేకపోతే ఒక్క చుక్క నీరు దిగినా చెక్క లోపల్లోపలే నాని కుళ్లుతుంది, బయటికి ఏమీ తెలియదు.

చోటుని అసిటోనుతో తుడిచి ఆరనిచ్చాక, సీలెంటుని ప్రతి రంధ్రం చుట్టూ ఒక రింగు, క్లీటు అడుగున అంచుకి లోపలగా ఒక చుట్టు, బోల్టు తల కింద కొంచెం పెట్టు. లోపలి వైపు నట్టు, వాషరు దగ్గర పెట్టొద్దు. అక్కడ కూడా మూసేస్తే పైన లీకైన నీరు మధ్యలో ఇరుక్కుపోతుంది. లోపల తెరిచి ఉంటే తడి కనబడుతుంది, లీకని తెలుస్తుంది. సీలెంటు అంటకపోతే లోపల శుభ్రం చేసే పనీ ఉండదు.

బిగించేటప్పుడు బయట బోల్టు తలని స్క్రూడ్రైవరుతో కదలకుండా పట్టుకుని లోపల నట్టుని మాత్రమే తిప్పాలి. బోల్టు తిరిగితే దాని చుట్టూ ఉన్న సీలెంటు తెగిపోతుంది. ఎంత బిగించాలన్న దాంట్లో రెండు పద్ధతులున్నాయి. ఒకేసారి పూర్తిగా బిగించేసేవాళ్లు కొందరు, చుట్టూ పొంగగానే ఆపి, గట్టిపడ్డాక నట్టుని ఇంకో పావు చుట్టు తిప్పేవాళ్లు కొందరు. నేను రెండోదే చేయమంటాను. ఒంట్లో బలమంతా పెట్టి బిగిస్తే సీలెంటంతా బయటికే వచ్చేసి మధ్యలో ఏమీ మిగలదు, బయట ఎంత పొంగిందో చూసి మురిసిపోతాం గానీ లోపల స్టీలూ ఫైబరూ ఒకదానికొకటి ఒరుసుకుంటూ ఉంటాయి.

ఇప్పుడు పొంగినదాన్ని తీయడం. పాత ఏటీఎం కార్డు, లేదంటే ప్లాస్టిక్ డబ్బా కోసిన నున్నటి ముక్క తీసుకుని, మూలని అంచుకి ఆనించి, వాలుగా పట్టుకుని ఒక్క ఊపులో చివరిదాకా లాగు. కార్డు మీద ముద్దలా వచ్చినదాన్ని పాత పేపరుకి తుడిచి, కార్డుని రెండో మూలకి తిప్పి మళ్లీ లాగు. మురికి మూలతో రెండోసారి గీశావంటే తీసినదంతా మళ్లీ పూసినట్టే. రెండు మూడు లాగుళ్లలో అంచు వెంబడి సన్నగా నున్నగా ఒక గీత మిగులుతుంది, ఇక దాన్ని ముట్టుకోకు. వెంటనే, అంటే పైపొర కట్టకముందే, టేపుని దాని మీదకే మడిచినట్టు పట్టుకుని క్లీటుకి దూరంగా మెల్లగా లాగెయ్. మామూలు వేడిలో నీడన గంటకి అటూ ఇటూ పైపొర కడుతుంది, మే నెల ఎండలో అంత టైము ఉండదు. పొర కట్టాక టేపు లాగితే అంచు చిరిగి సాగుతుంది, అక్కడ మళ్లీ వేలు పెట్టాలనిపిస్తుంది, అక్కడి నుంచి కంపు మొదలవుతుంది.

టేపు తీశాక కూడా ఎక్కడైనా చుక్క మిగిలితే మినరల్ టర్పెంటైన్ అద్దిన గుడ్డతో తుడువు. గుడ్డ తడిగా ఉండాలంతే, కారకూడదు. ఒకసారి తుడిచిన వైపు మళ్లీ వాడకు, మడత మార్చు. అతుకు మీదకి టర్పెంటైన్ కారనివ్వకు. స్పిరిట్టు, శానిటైజరు లాంటివి మాత్రం తడి పాలీయురెథేన్ దగ్గరికే రానివ్వకు. ఆల్కహాలు తగిలితే ఆ సీలెంటు గట్టిపడటమే ఆగిపోతుంది, నెల తర్వాత చూసినా వేలికి అంటుతుంది. కిరసనాయిలు కూడా వద్దు, అది నూనె పొర వదులుతుంది, ఆ తర్వాత అక్కడ రంగు పట్టదు.

టైము గురించి ఒక మాట, ఇది మన ఒడ్డుకి ముఖ్యం. తెల్లారగట్ల బోటు మీద మంచు తడి ఉంటుంది, ఆ తడి మీద సీలెంటు పట్టదు. ఎండ ఎక్కాక సముద్రం గాలి లేస్తుంది, దాంతో పాటు ఇసుక వచ్చి తడి సీలెంటు మీద పడితే ఇక కార్డుతో తీసినా నున్నగా రాదు, ఇసుక రేణువు జెల్‌కోటు మీద గీతలు కూడా పెడుతుంది. తడి ఆరిపోయి గాలి ఇంకా లేవని ఆ గంటా రెండు గంటల్లో ఒక్కొక్క ఫిట్టింగే పెట్టు, దాన్ని శుభ్రం చేసి టేపు తీశాకే ఇంకోదానికి పో. నాలుగూ ఒకేసారి బిగించి తర్వాత తుడుద్దాం అనుకుంటే మొదటిది ఆరిపోతుంది.

ఇంకొకటి, ముందు రింగు గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ట్రాక్టరుతో ఇసుకలో బోటుని లాగేటప్పుడు భారమంతా ఆ రింగు మీదే. సీలెంటు పని నీళ్లు ఆపడం, భారం మోయడం కాదు. లోపల వాషర్లు మాత్రమే వేసి ఉంటే అవి ఫైబరులోకి దిగిపోతాయి, మందపాటి స్టీలు ప్లేటు వేసి ఉందో లేదో ఇప్పుడే చూసుకో. సీలెంటు రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల లోతే గట్టిపడుతుంది కాబట్టి రింగు ఎప్పుడు బిగించినా ఆ రోజు నుంచి వారం దాకా దానికి తాడు తగిలించకు.

ప్రశ్న: మాది కోనాడ వైపు. పోయినేడు క్లీట్ల కింద హార్డ్‌వేర్ షాపులో దొరికే బాత్రూము సిలికాన్ పెట్టాం. ఇప్పుడు లోపలికి నీరు దిగుతోంది, బోల్టు కింద తుప్పు చార కూడా కనబడుతోంది. దాని చుట్టూ మంచి సీలెంటు కొత్తగా పూస్తే రెండు రోజులకే పెచ్చులా ఊడొచ్చింది. ట్యూబు పాతదా?

జవాబు: ట్యూబు తప్పు కాదండీ. సిలికాన్ మీద ఏదీ అతుక్కోదు, రంగు గానీ, జెల్‌కోటు గానీ, ఇంకో సీలెంటు గానీ, చివరికి కొత్త సిలికాన్ కూడా సరిగ్గా పట్టదు. పైగా పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చిందంటే అది ఆమ్లం వదిలే రకం, ఇత్తడినీ ఇనుమునీ తింటుంది. బోటుకి ఆ రకం అసలు వద్దు.

ఫిట్టింగు ఊడదీయక తప్పదు. అతుకు గట్టిగా ఉంటే గునపం పెట్టి ఎత్తకండి, జెల్‌కోటు ముక్కలుగా లేస్తుంది. నట్లు తీసి బోల్టులు బయటికి తట్టాక, గట్టి గాలం దారమో సన్న స్టీలు తీగో రెండు చివర్లా పట్టుకుని ఫిట్టింగు కిందగా రంపంలా అటూ ఇటూ లాగుతూ రండి, అతుకు తెగుతుంది. పాలీయురెథేన్‌తో అతికినవాటికి కూడా ఇదే దారి, కాకపోతే భుజాలు నొప్పెడతాయి.

తర్వాత వరుస తప్పకూడదు. ముందు ప్లాస్టిక్ స్క్రేపరుతో కంటికి కనబడే సిలికాన్ అంతా తీసేయండి. కొత్త గుడ్డతో, మార్చి మార్చి, అసిటోనుతో తుడవండి. ఆ తర్వాతే ఇసుక కాగితం. ముందే కాగితం పెట్టి రుద్దితే సిలికాన్‌ని గీతల్లోకి నూరి పెట్టినట్టవుతుంది. పోయిందో లేదో చూడటానికి నీళ్లు చల్లండి. నీరు పొరలా పరుచుకుంటే శుభ్రం, ఎక్కడైనా చుక్కలుగా విడిపోయి జారితే అక్కడ ఇంకా ఉన్నట్టు, మళ్లీ తుడవాలి. రంగు వేసిన చోటయితే అసిటోను రంగుని కూడా తీసుకుపోతుంది, ఫిట్టింగు కూర్చునే మేరకే వాడండి.

తుప్పు చార ఉన్న బోల్టులని తిరిగి వాడకండి. స్టెయిన్‌లెస్ అయినా గాలి ఆడని తడిలో నానితే మెడ దగ్గర తినేస్తుంది, తల మాత్రం మెరుస్తూనే ఉంటుంది. కొత్తవి కొనేటప్పుడు 316 రకం స్టెయిన్‌లెస్ అని అడగండి, 304 రకం ఉప్పు నీటికి అంత ఆగదు.

ప్రశ్న: ఇంతకాలం ఎంసీల్ పెట్టి బిగించుకున్నాం, ఏమీ కాలేదు. రబ్బరులాంటి ఈ సీలెంటు, దాన్ని తుడవడం, టేపులూ ఇదంతా అవసరమా? (కళింగపట్నం)

జవాబు: ఎంసీల్ మంచి సరుకే, పగులు పూడ్చడానికి, కదలని చోట. అది రాయిలా గట్టిపడుతుంది. తాడు లాగే ఫిట్టింగు ప్రతి కెరటానికీ వెంట్రుకవాసి కదులుతుంది, దాని కింద గట్టి పదార్థం ఉంటే ఎక్కడో ఒక చోట సన్నగా చీలుతుంది, అదే నీటికి చాలు. సాగే సరుకు అయితే ఆ కదలికతో పాటే కదులుతుంది. మీకు ఏమీ కాలేదంటే సంతోషమే, కానీ ఒకసారి లోపల నట్టు చుట్టూ వేలు పెట్టి తడుందేమో చూడండి, వెనక చెక్క ఉన్న చోట సుత్తి పిడితో తట్టి చూడండి. గట్టి చెక్క ఖంగుమంటుంది, నానిన చెక్క మోగదు.

ప్రశ్న: మా ఆయన ఈ పని చేసొచ్చి చేతులకి అంటిన నల్ల జిగురుని థిన్నరుతోనో పెట్రోలుతోనో కడుక్కుంటారు. చేతులు తెల్లగా పాలిపోయి పగుళ్లు వస్తున్నాయి. చొక్కాలు ఎలాగూ పోయాయి, చేతులైనా కాపాడుకునే దారి చెప్పండి. (ముక్కాం, విజయనగరం జిల్లా)

జవాబు: ముందు ఆ థిన్నరు, పెట్రోలు చేతులకి మాన్పించండమ్మా. అవి చర్మంలో ఉన్న నూనెని లాగేస్తాయి, చర్మం పొడిబారి పగులుతుంది, పగిలిన చర్మంలోంచి ఆ రసాయనాలు లోపలికి పోవడం ఇంకా తేలిక. పాలీయురెథేన్ తడిగా ఉన్నప్పుడు దాంట్లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి కొందరికి ఎలర్జీ తెస్తాయి. ఒకసారి మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు, కొందరికి ఆయాసం. మీ ఆయనకి అలాంటిది ఏమైనా కనబడితే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి, ఏ సీలెంటు వాడారో ట్యూబు కూడా పట్టుకెళ్లండి.

తడిగా ఉండగా అంటితే ముందు పొడి గుడ్డతో తుడుచుకుని, వంటనూనె రాసి రుద్ది, మళ్లీ పొడి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. గట్టిపడిపోతే వదిలేయండి, గోకొద్దు, చర్మం పొరతో పాటు కొన్నాళ్లకి అదే రాలిపోతుంది. అసలు దారి చేతి తొడుగులు. మెడికల్ షాపులో నైట్రైల్ తొడుగులు పెట్టెగా దొరుకుతాయి, రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుని, సీలెంటు తీయడం అయ్యాక పై జత తీసేసి కింది జతతో టేపు లాగమనండి. అప్పుడు చేతికీ అంటదు, చేతి నుంచి బోటుకీ చొక్కాకీ అంటదు. ఇంకో విషయం, అసిటోనూ టర్పెంటైనూ రెండూ తొందరగా అంటుకునేవి, ఆ పని దగ్గర బీడీ వెలిగించొద్దని కాస్త గట్టిగానే చెప్పండి. తుడిచిన గుడ్డలు ఇసుకలో పాతేయడం, సముద్రంలో విసిరేయడం కాకుండా ఆరబెట్టి చెత్తబండిలో వేయమనండి.

ప్రశ్న: క్యాబిన్ మీద ప్లాస్టిక్ అద్దం ఉంది, దాని అంచుకి ఏ సీలెంటు? తుడవడానికి ఏది వాడాలి? (బారువ)

జవాబు: పాలీసల్ఫైడ్ అనే రకం సీలెంటు వద్దు, చాలా రకాల ప్లాస్టిక్‌ని అది పెళుసుగా చేస్తుంది. వెనిగర్ వాసన లేని న్యూట్రల్ సిలికాన్ ఇక్కడ సరైనది, ఒక్క ఈ చోట సిలికాన్‌కి నా ఓటు. కానీ టేపు మాత్రం తప్పకుండా వేయండి, పక్కన ఫైబరు మీదకి పాకితే పై ప్రశ్నలో కోనాడ వాళ్ల కష్టమే మీకూ వస్తుంది. తుడవడానికి అసిటోను, థిన్నరు వాడితే అద్దం మసకబారి సన్నటి పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లు చాలు.

ప్రశ్న: సగం వాడిన ట్యూబు వారానికే రాయి అయిపోతోంది. ధర చూస్తే పారేయబుద్ధి కాదు. (పూసపాటిరేగ)

జవాబు: తేమ తగిలితే గట్టిపడే సరుకుని తేమ ఉన్న ఊళ్లో దాచడం కష్టమే. పని అయ్యాక ముక్కులోంచి కాస్త బయటికి నొక్కి, గాలి లేకుండా చూసి, పొడుగాటి స్క్రూని ముక్కులోకి తిప్పి, పైన టేపు చుట్టి, పాలిథిన్ సంచిలో మూతికట్టి చల్లటి చోట పెట్టండి. వాడేటప్పుడు ఆ స్క్రూ లాగితే ముక్కులో గట్టిపడిన బిళ్ల దాంతో పాటే వస్తుంది. ఇలా చేసినా కొన్ని వారాలే. అందుకే పెద్ద ట్యూబు కాకుండా చిన్నది కొనుక్కోండి, లేదంటే పక్క బోటు వాళ్లు కూడా బిగించే రోజు చూసుకుని ఒకే ట్యూబు ఇద్దరూ వాడేయండి. కొనేటప్పుడు వెనక గడువు తేదీ చూడండి, గడువు దాటిన ట్యూబు ముక్కులోంచి మామూలుగానే వస్తుంది గానీ బోటు మీద గట్టిపడకుండా ఉండిపోవచ్చు, అప్పుడు దాన్నంతా గోకి తీసే పని మీదే.